రూటర్ మార్చినప్పటి నుంచి ఫోన్‌లో కెమెరాలు రావట్లేదు, టీవీలో మాత్రం వస్తున్నాయి

నర్సంపేట విత్తనాలు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది నర్సంపేటలో విత్తనాలు, ఎరువుల దుకాణం. మూడేళ్ల కింద నాలుగు ఐపీ కెమెరాలు, ఒక ఎన్‌వీఆర్ (కెమెరాల బొమ్మ రికార్డు చేసే బాక్స్) పెట్టించిన. కౌంటర్ దగ్గర ఒకటి, గోదాంలో రెండు, గేటు దగ్గర ఒకటి. ఇన్నాళ్లు ఏ బాధా లేదు, ఇంట్లో కూర్చొని ఫోన్‌లో చూసుకునేవాణ్ని.

మొన్న శుక్రవారం ఉరుముల వానకు రూటర్ కాలిపోయింది. పాత నెట్ వాళ్లు వారం పడుతుందన్నారు. మృగశిర కార్తె వచ్చింది, దుకాణం ముందు పత్తి విత్తనాల కోసం జనం. బిల్లింగ్ ఆగితే అయ్యే పని కాదు. తెల్లారే ఇంకో కంపెనీ కనెక్షన్ తీసుకున్న. నెట్ మంచిగనే వస్తోంది. కానీ అప్పటి నుంచి ఫోన్ యాప్‌లో నాలుగూ "డివైస్ ఆఫ్‌లైన్". దుకాణంలో టీవీ పెడితే మాత్రం బొమ్మ వస్తోంది, రికార్డింగ్ కూడా అవుతోంది.

కెమెరాలు పెట్టిన పిల్లగాణ్ని పిలిస్తే బాక్స్ పోయింది, కొత్తది ఏడు వేలు అన్నాడు. నాకు నమ్మకం కుదరక ఒక వీడియో చూసి గేటు కెమెరాకు రీసెట్ కొట్టిన. ఇప్పుడు అది టీవీలో కూడా పోయింది. గోదాంలో సీజన్ సరుకంతా ఉంది. రాత్రి నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

వైరింగ్ అన్న | సోమవారం, రాత్రి 10:05

బాక్స్ పోతే టీవీలో మూడు కెమెరాలు ఎట్ల వస్తున్నాయి అన్నా? ఏడు వేలు జేబులోనే ఉంచుకో. రూటర్ మారింది, నెంబర్లు కలవట్లేదు, అంతే. నేను హన్మకొండలో ఇదే పని చేస్తా. వానలు మొదలైన కాడి నుంచి వారానికి నాలుగు ఇళ్లలో ఇదే కథ.

కాజీపేట జంక్షన్ | సోమవారం, రాత్రి 10:31

ముందు ఒక్క మాట. ఇంకేదీ రీసెట్ కొట్టకండి.

రెండు ఫొటోలు కావాలి. ఒకటి, టీవీ తెర మీద ఎన్‌వీఆర్ మెనూలో నెట్‌వర్క్, అందులో టీసీపీ/ఐపీ పేజీ. రెండోది, మీ ఫోన్‌ను దుకాణం వైఫైకి కలిపి, ఆ వైఫై పేరు మీద నొక్కితే వచ్చే వివరాలు. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరం నెంబర్), గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రూటర్ నెంబర్) అని ఉంటాయి. ఫొటోలో పాస్‌వర్డ్, సీరియల్ నెంబర్, క్యూఆర్ కోడ్ పడకుండా చూసుకోండి. ఆ కోడ్ చేతికొస్తే మీ కెమెరా దాకా సగం దారి దొరికినట్టే.

నర్సంపేట విత్తనాలు | మంగళవారం, ఉదయం 8:15

ఫొటో అప్‌లోడ్ కావట్లేదు, టైప్ చేస్తున్న.

ఎన్‌వీఆర్: 192.168.1.50. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే 192.168.1.1. డీఎన్ఎస్ అని రెండు పెద్ద నెంబర్లున్నాయి, అవి పాత నెట్ కంపెనీవని మా అబ్బాయి అంటున్నాడు. డీహెచ్‌సీపీ ఆఫ్.

ఫోన్: 192.168.29.37. గేట్‌వే 192.168.29.1.

కాజీపేట జంక్షన్ | మంగళవారం, ఉదయం 8:50

దొరికింది.

మాస్క్ 255.255.255.0 ఉన్నప్పుడు చుక్కల మధ్య ఉండే మొదటి మూడు సంఖ్యలు ఒకటే అయితేనే రెండు పరికరాలు నేరుగా మాట్లాడుకుంటాయి. మీ ఎన్‌వీఆర్, కెమెరాలు 192.168.1 లో ఉన్నాయి. కొత్త రూటర్ 192.168.29 లో ఉంది. ఎన్‌వీఆర్, కెమెరాలు ఒకే గుంపు కాబట్టి నెట్ కేబుళ్లను కలిపే స్విచ్ మీదుగా వాటిలో అవి మాట్లాడుకుంటున్నాయి. అందుకే టీవీలో బొమ్మ, రికార్డింగ్ ఆగలేదు. బయటికి పోవాలంటే మాత్రం ఎన్‌వీఆర్ 192.168.1.1 అనే గేట్‌వే కోసం వెతుకుతోంది. ఆ నెంబర్ ఉన్న రూటర్ వానకు కాలిపోయింది.

మా ఊరి లెక్కలో చెప్తా. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేట దాటాక బల్లార్షా వైపు మళ్లుతుంది. వరంగల్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎంతసేపు చూసినా ఆ బండి రాదు. బండి చెడిపోలేదు, పట్టాలు చెడిపోలేదు, నిలబడ్డ చోటు వేరు. మీ ఎన్‌వీఆర్ ఇప్పుడు వరంగల్ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది.

వైరింగ్ అన్న | మంగళవారం, ఉదయం 9:10

సరిగ్గా చెప్పిండు. ఎన్‌వీఆర్‌ను 192.168.29.50 చెయ్యి, గేట్‌వే 192.168.29.1 పెట్టు. తర్వాత ఒక్కొక్క కెమెరా 29 లోకి మార్చు. గంట పని.

కాజీపేట జంక్షన్ | మంగళవారం, ఉదయం 9:22

అన్నా, నీకు గంట. ఆయన సీజన్‌లో ఉన్నాడు. ఎన్‌వీఆర్ మార్చగానే మూడు కెమెరాలూ దానికి కనబడకుండా పోతాయి. రాత్రి మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటే రికార్డింగ్ మొత్తం ఆగుతుంది. అయిదు పరికరాలను రూటర్ దగ్గరికి తేవడం కంటే ఒక్క రూటర్‌ను వాటి దగ్గరికి తేవడం మేలు. రూటర్ ల్యాన్ ఐపీని, అంటే దుకాణం లోపలి వైపు దాని నెంబర్‌ను, 192.168.29.1 నుంచి 192.168.1.1 కి మారిస్తే కెమెరాలను ముట్టుకునే పనే లేదు.

వైరింగ్ అన్న | మంగళవారం, ఉదయం 9:30

కొన్ని కంపెనీల రూటర్లలో ఆ ఆప్షన్ తాళం వేసి ఉంటది. మార్చనిస్తే నీ పద్ధతే మంచిది, ఒప్పుకుంటా.

నర్సంపేట విత్తనాలు | మంగళవారం, రాత్రి 11:48

దుకాణం మూసినంక కూర్చున్న. రూటర్ వెనక స్టిక్కర్ మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి. బ్రౌజర్‌లో 192.168.29.1 కొడితే పేజీ తెరుచుకుంది. నెట్‌వర్క్, ల్యాన్ అని పోయి 192.168.1.1 చేసి సేవ్ కొట్టిన. రూటర్ దానంతట అదే ఆగి మళ్లీ లేచింది. రెండు నిమిషాలు నా పాణం పోయినంత పనైంది. బిల్లింగ్ కంప్యూటర్‌కు నెట్ వచ్చింది.

ఫోన్‌లో మాత్రం కెమెరాలు ఇంకా ఆఫ్‌లైనే.

కాజీపేట జంక్షన్ | బుధవారం, ఉదయం 6:40

డీఎన్ఎస్. నిన్ననే చెప్పాల్సింది, పొరపాటు నాదే.

యాప్‌లో కెమెరా కనబడాలంటే ఎన్‌వీఆర్ ముందు తన కంపెనీ సర్వర్‌ను పేరుతో వెతకాలి. ఆ పేరును నెంబర్‌గా మార్చి చెప్పేది డీఎన్ఎస్. మీ దాంట్లో పాత నెట్ కంపెనీ నెంబర్లు రాసి ఉన్నాయి. ఇలాంటి సర్వర్లు చాలా వరకు తమ వినియోగదారులకే జవాబిస్తాయి, వేరే కనెక్షన్ నుంచి అడిగితే పలకవు. మొదటిది 8.8.8.8, రెండోది 1.1.1.1 పెట్టండి.

పోర్టు 8000 | బుధవారం, ఉదయం 7:15

ఈ యాప్ సర్వర్ల గొడవ ఎందుకండీ? కంపెనీ వాడి సర్వర్ ద్వారా మన బొమ్మ పోవడమే నాకు నచ్చదు. రూటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టుకోండి, బయటి నుంచి వచ్చే పిలుపు నేరుగా ఎన్‌వీఆర్‌కు పోతుంది. 80, 554, 8000 మూడూ ఎన్‌వీఆర్ ఐపీకి తెరిస్తే ఎక్కడినుంచైనా నేరుగా చూడొచ్చు. నేను కరీంనగర్‌లో అయిదేళ్లుగా ఇలాగే చూస్తున్నా. రాకపోతే డీఎంజెడ్‌లో పెట్టేయండి, అంతే సంగతులు.

కాజీపేట జంక్షన్ | బుధవారం, ఉదయం 7:58

దయచేసి ఆ పని చేయకండి. కారణాలు రెండు.

మొదటిది, పెట్టినా పనిచేయకపోవచ్చు. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన నెంబర్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే బయటి ఐపీని కంపెనీ ఎంతోమందికి పంచుతోంది. ఆ ఐపీకి వచ్చిన పిలుపు మీ దుకాణానికా, పక్క వీధి ఇంటికా అన్నది కంపెనీ పెట్టెకు తెలియదు. మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లోపలి తలుపు తెరిచి బయటి గేటుకు తాళం ఉంచినట్టే.

రెండోది ఇంకా పెద్దది. పనిచేస్తే అసలు ప్రమాదం అప్పుడే. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న కెమెరాలను, డీవీఆర్‌లను, రూటర్లను వెతికి పట్టుకుంది. అది వాడిన విద్య ఏమీ లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ల చిట్టా ఒకటి, అంతే. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ పరికరాలన్నిటినీ కలిపి డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీదికి ఉసిగొల్పితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి సరిగా తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానుల్లో చాలామందికి ఆ సంగతే తెలిసి ఉండదు, ఎందుకంటే బొమ్మ మామూలుగానే వచ్చేది.

డీఎంజెడ్ అంటే అన్ని పోర్టులూ ఒకేసారి తెరవడం. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పోర్టు 8000 గారూ, మీ ఎన్‌వీఆర్‌లో లాగ్ పేజీ ఉంటుంది. ఒకసారి తెరిచి "లాగిన్ విఫలం" అని ఎన్ని వరుసలున్నాయో చూసి చెప్పండి.

నర్సంపేట విత్తనాలు | బుధవారం, ఉదయం 8:20

వాన్ ఐపీ 100.8 తో మొదలవుతోంది, తర్వాత ఇంకో అంకె ఉంది. 80ల్లో. కరెక్టేనా?

కాజీపేట జంక్షన్ | బుధవారం, ఉదయం 8:24

చుక్క ఎక్కడుందో చూడండి. 100 తర్వాత చుక్క, ఆ తర్వాత 80ల్లో ఉంటే 64కు 127కు మధ్యలోనే. సీజీనాటే. మీకు యాప్ దారే సరి. కంపెనీ సర్వర్ మీద నమ్మకం లేనివాళ్లకు వీపీఎన్ ఉంది, అంటే ఫోన్ నుంచి దుకాణం నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి. దుకాణంలో ఎప్పుడూ నడిచే ఒక కంప్యూటర్ ఉంటే టెయిల్‌స్కేల్ లాంటిది సీజీనాట్ వెనక కూడా పనిచేస్తుంది. సీజన్ అయ్యాక తీరిగ్గా చూద్దాం.

పరకాల మిర్చి | బుధవారం, ఉదయం 10:40

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు పరకాల దగ్గర మిర్చి తోట. మొన్నటి సీజన్‌లో కల్లం కాడ కాయ ఎండబోస్తే రాత్రి రెండు బస్తాలు పోయినయి. వచ్చే సీజన్‌కు సిమ్ము వేసే కెమెరా పెడదామని ఉంది. అక్కడ కరెంటు లేదు, వైఫై లేదు. దానికి కూడా ఈ ఐపీ నెంబర్లు రాయాల్నా?

వైరింగ్ అన్న | బుధవారం, మధ్యాహ్నం 1:15

రాయక్కర్లేదు తమ్మీ. 4జీ కెమెరా సిమ్ నుంచే నెంబర్ తీసుకుంటది. ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్ సెట్టింగ్ పేరు) ఒక్కటే ఒక్కోసారి చేత్తో కొట్టాల్సి వస్తది. పోర్ట్ ఫార్వార్డింగ్ మాట ఎత్తకు, సిమ్ములన్నీ దాదాపుగా ఆ సీజీనాట్ వెనకనే ఉంటయి.

పెట్టేముందు ఏ కంపెనీ సిమ్ వేస్తావో ఆ సిమ్ ఉన్న ఫోన్ పట్టుకొని కల్లం కాడ గుంజ పాతే చోట నిలబడు. అక్కడ వీడియో కాల్ ఆగకుండా నడిస్తేనే కెమెరా కొను. డేటా సంగతి: 1 ఎంబీపీఎస్ లెక్కన అర్ధగంట లైవ్ చూస్తే 225 ఎంబీ అయితది. కాబట్టి రికార్డింగ్ మెమరీ కార్డులో పెట్టుకో, లైవ్ అవసరానికే చూడు.

అసలు ఇబ్బంది నీకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. కల్లం మీద కప్పిన పరదా గాలికి లేస్తది. లేచినప్పుడల్లా ఫోన్‌కు అలర్ట్. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైటుకు పురుగులు మూగుతయి, దానికీ అలర్ట్. మూడో రోజుకు నువ్వే నోటిఫికేషన్ బంద్ పెడతావు, నాలుగో రోజు దొంగ వస్తాడు. కదలిక కాకుండా మనిషిని గుర్తుపట్టే కెమెరా తీసుకో. సెట్టింగ్‌లో పరదా ఉన్న భాగం వదిలేసి బండి వచ్చే బాట మీద మాత్రమే గీత గియ్యి.

పరకాల మిర్చి | బుధవారం, మధ్యాహ్నం 1:40

మా నాయన కల్లం కాడ పడుకునుడు మాననంటున్నాడు. కెమెరా ఉన్నా సరే అట.

వైరింగ్ అన్న | బుధవారం, మధ్యాహ్నం 1:42

మానొద్దని చెప్పు. కెమెరా బస్తా పట్టుకొని గుంజదు.

నర్సంపేట విత్తనాలు | బుధవారం, రాత్రి 10:30

డీఎన్ఎస్ మార్చిన. ఎన్‌వీఆర్ తెర మీద "ఆన్‌లైన్" అని వచ్చింది. నా సంతోషం అయిదు నిమిషాలే. తొందరలో నిన్ననే యాప్‌లోంచి డివైస్ డిలీట్ కొట్టిన. ఇప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే "ఈ డివైస్ మరో అకౌంట్‌కు జోడించబడి ఉంది" అంటోంది. ఆ మరో అకౌంట్ ఎవరిది?

ఇంకోటి. గేటు కెమెరా ఇంకా రాలేదు.

కొత్తవాడ చీరలు | బుధవారం, రాత్రి 10:52

అన్నా, ఆ అకౌంట్ పెట్టిన అబ్బాయిది అయి ఉంటుంది. మాకు ఇలాగే అయింది. ఇంట్లోనే చీరల వ్యాపారం నాది, హాల్లో కెమెరా. పెట్టిన మనిషి తన సొంత అకౌంట్‌లో జోడించుకొని నా ఫోన్‌కు "షేర్" ఇచ్చాడు. ఏడాదిన్నర నాకు తెలియదు. ఒకసారి రిపేరుకు ఫోన్ చేస్తే, "మేడం, మీ హాల్లో సోఫా జరిపారు కదా, అందుకే కెమెరాకు అడ్డం వస్తోంది" అన్నాడు. ఆ మాటకు నాకు చేతులు చల్లబడ్డాయి. చెడ్డవాడేం కాదు, సాయం చేయబోయే అన్నాడు. కానీ ఆ రోజే తీసేయించాను. ఇప్పుడు ఎవరు పెట్టినా ముందు నా ఫోన్ నెంబర్‌తో నా అకౌంట్, తర్వాతే మిగతా పని.

కాజీపేట జంక్షన్ | బుధవారం, రాత్రి 11:10

అక్క చెప్పింది నిజం. మీ దగ్గర ఇన్నాళ్లూ ఉన్నది అసలు హక్కు కాదు, అరువు చూపు. చాలా యాప్‌లలో, దుకాణం వైఫైలోనే ఉండి ఎన్‌వీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే పాత అకౌంట్‌ను తొలగించే వీలుంటుంది. ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందా?

నర్సంపేట విత్తనాలు | బుధవారం, రాత్రి 11:14

టీవీలో గీత గీస్తే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఆ పిల్లగాడికే తెలుసు.

వైరింగ్ అన్న | బుధవారం, రాత్రి 11:20

మా వృత్తి వాళ్ల తరఫున తల దించుకుంటున్నా. బద్ధకంతో చేసే పని ఇది. ప్రతి కస్టమర్‌కు అకౌంట్ తెరవాలంటే ఓటీపీ, మెయిలు, పది నిమిషాలు. మన అకౌంట్‌లోనే అన్నీ వేసుకుంటే ఒక్క నిమిషం. నేనూ మొదట్లో చేసిన.

కొట్లాటకు పోకు. మెల్లగ పిలిచి, "నా అకౌంట్‌కు మార్చు, పాస్‌వర్డ్ రాసియ్యి" అని అడుగు. ఇస్తడు.

గేటు కెమెరా నువ్వే చేసుకోవచ్చు. రీసెట్ కొట్టినవ్ కాబట్టి అది ఫ్యాక్టరీ నెంబర్‌కు పోయింది. హిక్‌విజన్ అయితే 192.168.1.64, దహువా అయితే 192.168.1.108. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో స్విచ్‌కు పెట్టి బ్రౌజర్‌లో ఆ నెంబర్ కొట్టు. కొత్త పాస్‌వర్డ్ అడుగుతది. అది పెట్టి, నెట్‌వర్క్‌లో పాత నెంబర్ మళ్లీ రాయి. మిగతా మూడు ఏ నెంబర్లలో ఉన్నయ్?

నర్సంపేట విత్తనాలు | గురువారం, ఉదయం 7:05

11, 12, 13. గేటుది 14 అయి ఉండాలి. 108 కొడితే తెరుచుకుంది! 14 చేసి, ఎన్‌వీఆర్‌లో నాలుగో ఛానల్‌కు కొత్త పాస్‌వర్డ్ ఇచ్చిన. బొమ్మ వచ్చింది.

కానీ అందులో టైం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఇప్పుడు ఏడు.

కాజీపేట జంక్షన్ | గురువారం, ఉదయం 7:30

సరిగ్గా రెండున్నర గంటలు ముందు. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో చైనా టైం ఉంటుంది, జీఎంటీకి 8 గంటలు ముందు. మనం అయిదున్నర. టైం జోన్ +5:30 పెట్టి, ఎన్‌టీపీ (గడియారాన్ని నెట్ నుంచి సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేసి, సర్వర్ దగ్గర ఎన్‌వీఆర్ ఐపీ గానీ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్ గానీ ఇవ్వండి. కెమెరాలో గేట్‌వే, డీఎన్ఎస్ కూడా నింపండి. అవి ఖాళీగా ఉంటే గడియారం బయటి సర్వర్‌ను అడగలేదు.

పాత ఠాణా | గురువారం, ఉదయం 9:00

రిటైరైన పోలీసును. టైం సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒక బైకు దొంగతనం కేసులో మూడు దుకాణాల ఫుటేజీ తెచ్చాం. ఒక దాంట్లో బండి 40 నిమిషాలు వెనక పోతోంది, పక్క దుకాణంలో అదే బండి ముందే పోయింది. ఒకే బండి అని రుజువు చేయడానికి రెండు రోజులు పట్టింది.

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. పాత చట్టంలో 65బి అనేవాళ్లం, ఇప్పుడు సెక్షన్ 63. ఫుటేజీ కాపీ ఇచ్చేటప్పుడు దానితో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌ను మార్చలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా అందులో రాయాలి. ఏదైనా ఘటన జరిగాక గడియారం తప్పని తెలిస్తే వెంటనే సరిచేయకండి. ముందు ఫోన్ టైం, కెమెరా టైం రెండూ కనబడేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత సరిచేసుకోవచ్చు.

ఎన్ని రోజుల రికార్డింగ్ ఉంటుందో కూడా చూసుకోండి. జనం మా దగ్గరికి ఇరవయ్యో రోజున వచ్చి అడిగేవారు, డిస్కులో పది రోజులే ఉండేది.

జమ్మికుంట కాటన్ | గురువారం, ఉదయం 9:45

1 టీబీ డిస్కులో నాలుగు కెమెరాలకు ఎన్ని రోజులు వస్తుంది సార్?

కాజీపేట జంక్షన్ | గురువారం, ఉదయం 10:02

1 ఎంబీపీఎస్ ఒక రోజంతా నడిస్తే 10.8 జీబీ. ఇది గుర్తుంటే చాలు. నాలుగు కెమెరాలు తలా 2 ఎంబీపీఎస్ అయితే రోజుకు 86.4 జీబీ. 1 టీబీలో పదకొండు రోజులు. నెల రోజులు కావాలంటే 4 టీబీ వేయించుకోండి. వీడియోను కుదించే పద్ధతి హెచ్.264 లో ఉంటే హెచ్.265 కి మార్చండి, దాదాపు సగం తగ్గుతుంది. ఫోన్‌లో ఆగి ఆగి వస్తుంటే మెయిన్ స్ట్రీమ్ కాకుండా సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత బొమ్మ) పెట్టుకోండి, దుకాణం అప్‌లోడ్ మీద భారం తగ్గుతుంది.

నర్సంపేట విత్తనాలు | గురువారం, రాత్రి 9:15

ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్న.

రూటర్ నెంబర్ మార్చిన తెల్లారి నుంచి కౌంటర్ కెమెరా వస్తూ పోతూ ఉంది. నిన్న, ఇయ్యాల టైం రాసుకున్న. పొద్దున మంచిగ ఉంటుంది. పది గంటలకు మా గుమస్తా వస్తాడు, పది నిమిషాల్లో కెమెరా పోతుంది. మధ్యాహ్నం ఆయన అన్నానికి పోతే మళ్లీ వస్తుంది. సాయంత్రం ఆయన ఇంటికి పోయినంక రాత్రంతా బాగుంటుంది. వేరే ఏ కెమెరాకూ ఇట్ల లేదు, గల్లా పెట్టె మీద ఉన్న దానికే.

పదకొండేళ్లుగా ఉన్న మనిషి. మా నాయన ఉన్నప్పటి నుంచి. ఏమనాలో తెలుస్తలేదు. మా ఆవిడ అయితే లెక్కలు చూడమంటోంది.

కాజీపేట జంక్షన్ | గురువారం, రాత్రి 9:28

ఆయన్ను ఒక్క మాట కూడా అనకండి. ఆయన ఫోన్ దుకాణం వైఫైలో ఉందా?

నర్సంపేట విత్తనాలు | గురువారం, రాత్రి 9:30

ఉంది. వాట్సాప్‌లో రైతుల ఆర్డర్లు ఆయనే చూస్తాడు.

కాజీపేట జంక్షన్ | గురువారం, రాత్రి 9:47

రూటర్‌లో డీహెచ్‌సీపీ అనే పేజీ చూడండి. మొదలు 192.168.1.2, చివర 192.168.1.254 అని ఉంటుంది. అంటే వచ్చిన ప్రతి ఫోన్‌కు, కంప్యూటర్‌కు ఆ వరుసలోంచి రూటర్ ఒక నెంబర్ ఇస్తుంది. మీ కెమెరాలు నెంబర్ అడిగి తీసుకోలేదు, చేత్తో రాసినవి. అందుకని 11, 12, 13 నెంబర్లు నిండి ఉన్నాయని రూటర్ దగ్గర లెక్క లేదు. కొన్ని రూటర్లు ఇచ్చేముందు ఎవరైనా ఉన్నారా అని పిలిచి చూస్తాయి, కొన్ని చూడవు.

నా అనుమానం, కౌంటర్ కెమెరాది 12, గుమస్తా గారి ఫోన్‌కు కూడా రూటర్ అదే 12 ఇచ్చింది. ఎన్‌వీఆర్ "12 ఎవరు?" అని కేకేస్తే కెమెరా నేనే అంటుంది, ఫోన్ కూడా నేనే అంటుంది. ఫోన్ మాట వింటే కౌంటర్ బొమ్మ పోతుంది. ఒకసారి ఇచ్చిన నెంబర్‌ను రూటర్ గుర్తుపెట్టుకొని అదే ఫోన్‌కు మళ్లీ మళ్లీ ఇస్తుంది. అందుకే రోజూ అదే టైముకు.

రేపు ఆయన వచ్చాక రూటర్‌లో కనెక్ట్ అయిన పరికరాల పట్టిక తెరిచి 12 ఎదురుగా ఏముందో చూడండి. తర్వాత డీహెచ్‌సీపీ మొదలు 192.168.1.100, చివర 192.168.1.200 చేసి రూటర్ రీస్టార్ట్ చేయండి. కెమెరాల నెంబర్లు ఆ వరుస బయట ఉంటాయి. ఫోన్లన్నీ ఒకసారి వైఫై ఆపి పెట్టుకోవాలి.

పోర్టు 8000 | శుక్రవారం, ఉదయం 6:55

లాగ్ చూశాను. ఎన్ని పేజీలు తిప్పినా తరగలేదు. అర్ధరాత్రి, తెల్లవారుజామున, "అడ్మిన్" పేరుతో, "రూట్" పేరుతో, నేనెప్పుడూ చూడని ఐపీల నుంచి. ఇప్పటివరకు ఎవరికీ తెరుచుకోలేదు అనుకుంటున్నా, లాగ్ నెల రోజులే ఉంది మరి. ఫార్వార్డింగ్ మూడూ తీసేశాను. యూపీఎన్‌పీ అని ఇంకోటి ఆన్‌లో ఉంది, అదేంటి?

కాజీపేట జంక్షన్ | శుక్రవారం, ఉదయం 7:10

లోపలి పరికరాలు మిమ్మల్ని అడగకుండా తమంతట తామే రూటర్‌లో పోర్టులు తెరిపించుకునే ఏర్పాటు. రూటర్‌లోనూ ఎన్‌వీఆర్‌లోనూ ఆఫ్ చేయండి. పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది ఉంటే వేయండి. నిజం చెప్పినందుకు సంతోషం, చాలామంది ఇక్కడికి తిరిగి రారు.

నర్సంపేట విత్తనాలు | శుక్రవారం, మధ్యాహ్నం 3:20

పట్టికలో 192.168.1.12 ఎదురుగా మా గుమస్తా ఫోన్ మోడల్ పేరే ఉంది. ఆయన ముందే కూర్చొని చూసిన. 100 నుంచి 200 చేసి రీస్టార్ట్ కొట్టిన. ఇప్పుడు ఆయన ఫోన్ 104. కౌంటర్ కెమెరా పదిన్నర నుంచి ఒక్కసారి కూడా పోలేదు.

"ఏం జూస్తున్నవ్ సేటూ" అని అడిగాడు. వైఫై నెంబర్లు అని చెప్పిన. ఇంట్లో మా ఆవిడకు మాత్రం మొత్తం చెప్పిన.

కొత్తవాడ చీరలు | శుక్రవారం, మధ్యాహ్నం 3:41

ఆమె ఏమన్నది?

నర్సంపేట విత్తనాలు | శుక్రవారం, మధ్యాహ్నం 3:44

లెక్కలు ఎట్లాగూ చూస్తే పోయేదేముంది అన్నది.

నర్సంపేట విత్తనాలు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

కెమెరా పిల్లగాడు వచ్చి పోయాడు. మా ఊరి వాడే, వాళ్ల నాయన మా దగ్గరే విత్తనాలు తీసుకుంటాడు. ఫోన్ తీసి యాప్ తెరిచాడు. జాబితా కిందికి జరుపుతూ పోతున్నాడు, మెడికల్ షాపు, బంగారం దుకాణం, ఎవరిదో ఇంటి వాకిలి, ఒక బడి. మా పేరు చాలా కింద ఉంది. ఒక్క నిమిషంలో తీసేశాడు, నా నెంబర్ మీద ఎక్కించాడు. పాస్‌వర్డ్ అడిగితే చెప్పాడు, ఊరి పేరు, 123. మార్చేసిన. కొత్తది డైరీలో రాసిపెట్టిన, ఫోన్‌లో కాదు.

ఏడు వేల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండు వందలిచ్చిన, పెట్రోలుకు.

వైరింగ్ అన్న | ఆదివారం, మధ్యాహ్నం 12:35

పని అయింది కాబట్టి రెండు ముక్కలు. గేటు కెమెరా కేబుల్ గాలిలో లాగి ఉంటే జీఐ పైపులో వేయించు, మీ దిక్కు కోతులు ఎక్కువ, ఊగడానికి అదే దొరుకుతది. స్విచ్ ముందు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించి ఎర్తింగ్ సరిగ్గ ఉందో చూపించు. ఈసారి రూటర్ ఒక్కటే పోయింది, అదృష్టం. ఉరిమితే నెట్ కేబుల్ పీకెయ్యి. కరెంట్ ప్లగ్ ఒక్కటి పీకితే చాలదు, పిడుగు నెట్ వైరు మీదనుంచి కూడా వస్తది. కేబుల్ మార్చాల్సి వస్తే పూర్తి రాగిది అడుగు. అల్యూమినియానికి రాగి పూతేసింది చవక, కానీ దూరం పెరిగితే కెమెరాకు కరెంట్ చాలదు, రాత్రి లైట్లు వెలిగే టైంకే బొమ్మ పోతది.

జమ్మికుంట కాటన్ | ఆదివారం, సాయంత్రం 6:20

సార్, నేను కూడా చూసుకున్నా. నా ఫోన్‌లో గేట్‌వే 192.168.0.1 అని ఉంది, డీవీఆర్‌లో 192.168.1.1 అని ఉంది. యాప్‌లో ఎనిమిది నెలల నుంచి రావట్లేదు. రీసెట్ బటన్ ఎక్కడుంటుంది?

కాజీపేట జంక్షన్ | ఆదివారం, సాయంత్రం 6:22

ఆ బటన్ జోలికి పోకండి. టీసీపీ/ఐపీ పేజీ ఫొటో పెట్టండి.